మసి మింగిన అర మాత్ర

మా పిల్లి పేరు మసి. పేరుకు తగ్గట్టే ముక్కు నుంచి తోక కొస దాకా ఒకటే నలుపు. ఐదేళ్ల కిందట ఒక సాయంత్రం అది తిండి ముట్టలేదు. చెవులు పట్టుకుంటే కాలిపోతున్నాయి. బీరువా వెనక సందులో దూరి, ఎంత పిలిచినా బయటికి రాలేదు. జ్వరమని అర్థమైంది. నాకు జ్వరం వస్తే ఏ మందు వేసుకుంటానో దానికీ అదే వేయాలని తోచింది. 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ మాత్రను సగానికి విరిచాను. చిన్న ప్రాణి కదా, సగం చాలనుకున్నాను. చెంచా వెనకవైపుతో నూరి, దానికి ప్రాణమైన చేప ఉడికించిన నీళ్లలో కలిపాను.

ఒక్కసారి నాకింది. వెంటనే తల విదిలించింది. నోటి పక్క నుంచి నురగ తీగలా సాగింది. ముందుకాళ్లతో నా చేతిని తోసేసి వెనక్కి వెనక్కి జరిగింది. నేను ఊరుకోలేదు. తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని, దవడ పక్కన వేలు దూర్చి నోరు తెరిపించి, గిన్నెలో మిగిలినదంతా కొంచెం కొంచెంగా గొంతులోకి ఒంపాను. మింగేదాకా మూతి పట్టుకున్నాను. మింగాక తల నిమిరాను.

అర్ధరాత్రి దాటాక దాని ఊపిరి చప్పుడుకు మెలకువ వచ్చింది. పరుగెత్తి వచ్చినట్టు రొప్పుతోంది. దీపం వేసి చూస్తే మొహం వాచి కళ్లు చిన్నవైపోయాయి, పాదాలు ఉబ్బాయి. పెదవి ఎత్తి చూశాను. గులాబి రంగులో ఉండాల్సిన చిగుళ్లు తడి మట్టి రంగులో ఉన్నాయి.

పశువైద్యురాలు అడిగిన మొదటి ప్రశ్న "ఏదైనా మందు వేశారా అమ్మా?" అని. పేరు చెప్పగానే ఆమె చేతులు వేగం అందుకున్నాయి. కాలి నరం నుంచి కొద్దిగా రక్తం తీసి తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసింది. పక్కన ఇంకో పిల్లి రక్తం చుక్క కూడా వేసి చూపించింది. అది ఎర్రగా ఉంది. మసిది తుప్పు నీళ్లలా గోధుమ రంగులో ఉంది. గాలి తగిలితే ఎర్రబడుతుందేమోనని ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. ఎర్రబడలేదు. "రక్తం ఉంది కానీ ప్రాణవాయువును మోయడం లేదు. నాలుగు కిలోల పిల్లికి 250 మిల్లీగ్రాములంటే చాలా చాలా ఎక్కువ. కిలోకు 10 మిల్లీగ్రాములతో కూడా పిల్లులకు విషమెక్కిన సందర్భాలున్నాయి" అంది. తర్వాత ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు మొదలుపెట్టింది. సీసా మూత తీస్తే కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది. ఆరు గంటలకొకసారి ఆ మందు ఎక్కిస్తూ, ఆక్సిజన్ పెడుతూ, మూడు రోజులు దాన్ని అక్కడే ఉంచారు. మసి బతికింది.

పిల్లి ఉన్న ఇళ్లలో ఈ ఒక్క సంగతైనా తెలిసి ఉండాలని ఈ టపా రాస్తున్నాను: పిల్లికి పారాసెటమాల్ వేయకూడదు. పావు మాత్ర కాదు, చిటికెడు పొడి కూడా వద్దు. అయితే నన్ను ఐదేళ్లుగా వదలనిది మరొకటి ఉంది. నా ఒంట్లో తలనొప్పి తగ్గించే పదార్థం దాని ఒంట్లో రక్తాన్ని మట్టి చేసింది. తేడా మాత్రలో లేదు. మరి ఎక్కడుంది?

దీనికి జవాబు కోసం చదవడం మొదలుపెట్టాక నాకు మొదట అర్థమైంది ఏమిటంటే, కాలేయానికి విషమంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసిందల్లా నూనెలో కరిగేది, నీటిలో కరిగేది అన్న తేడా. నీటిలో కరిగేదైతే మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. నూనెలో కరిగేదైతే కణాల పొరల్లోంచి జారిపోతుంది, మూత్రంలోకి వెళ్లినా మళ్లీ రక్తంలోకి పాకుతుంది, ఒంట్లోనే తిరుగుతుంది. అందుకని కాలేయం అలాంటివాటికి నీటిని ఇష్టపడే ఒక తునకను అతికిస్తుంది. ఆ తునక ఒక చక్కెర ఆమ్లం కావచ్చు, సల్ఫేటు కావచ్చు, చిన్న అమైనో ఆమ్లం కావచ్చు. అతికిన మరుక్షణం ఆ పదార్థానికి బయటికి దారి దొరుకుతుంది.

ఈ సంగతి మొదట బయటపడిన తీరు నాకు ఎంతో ఇష్టం. 1842లో జర్మనీలో కెల్లర్ అనే యువకుడు రాత్రి పడుకునే ముందు బెంజోయిక్ ఆమ్లం మింగి, మర్నాడు పొద్దున తన మూత్రాన్ని తానే పరీక్షించుకున్నాడు. మింగిన ఆమ్లం బదులు హిప్యూరిక్ ఆమ్లం కనిపించింది. అంతకుముందు గుర్రాల మూత్రంలో దొరికింది కాబట్టి దానికి ఆ పేరు. నిద్రపోతున్న మనిషి ఒంట్లో ఎవరూ చెప్పకుండానే బెంజోయిక్ ఆమ్లానికి గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం అతుక్కుని, అది వేరే పదార్థమై బయటికి వచ్చింది. ఒంట్లోకి వెళ్లిన పరాయి పదార్థాన్ని శరీరం తన చేతులతో మార్చి పంపుతుందని అలా తెలిసింది.

పారాసెటమాల్ విషయంలో మనుషుల కాలేయం చేసేదీ అదే. మింగిన దానిలో ఎక్కువ భాగానికి గ్లూకురోనిక్ ఆమ్లం అనే చక్కెర ఆమ్లాన్ని అతికిస్తుంది. మరికొంత భాగానికి సల్ఫేటును అతికిస్తుంది. ఆ మొదటి పని చేసే ఎంజైముకు సంబంధించిన ఒక జన్యువు పిల్లుల్లో ఉంది, కానీ పనికిరాకుండా ఉంది. మధ్యలో అక్షరాలు చెరిగిన తాళపత్రంలా, చదవబోతే సగంలోనే ఆగిపోతుంది. మా మసికి ఒక్కదానికే కాదు, సింహానికీ చీతాకూ కూడా అంతే. పిల్లుల పూర్వీకులు మాంసం తప్ప మరొకటి తినలేదు. ఆకుల్లో, కాయల్లో, బెరడులో మొక్కలు దాచిపెట్టే ఫీనాల్ జాతి రసాయనాలు వాటి నోటికి రాలేదు. వాడని జన్యువు పాడైనా ఆ పిల్లులకు నష్టం కలగలేదు. నష్టం లేదు కాబట్టి ఆ పాడు తరతరాలుగా అలాగే నిలిచిపోయింది. లక్షల ఏళ్లు గడిచాక ఒక మనిషి ఆ ఫీనాల్ జాతికే చెందిన మందును చెంచాతో తీసుకొచ్చింది.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచేది కోఆలా. యూకలిప్టస్ ఆకులు తిని బతికే జంతువది. ఆ ఆకుల్లోని నూనెలు, ఫీనాల్ పదార్థాలు మిగతా జంతువులు చాలావాటికి సరిపడవు. 2018లో కోఆలా జన్యుక్రమం ప్రచురించినప్పుడు, కాలేయంలో పరాయి పదార్థాలను విరిచే ఎంజైముల్లో ఒకే ఉపకుటుంబానికి చెందిన జన్యువులు 31 కనిపించాయి. వాడుకున్నది పెరిగింది, వాడనిది పోయింది. ఇంకో సంగతి, కోఆలాకు జబ్బు చేసి నొప్పి మందు ఇస్తే ఆ మందును కూడా అదే వేగంతో విరిచి పారేస్తుంది. దానికి వైద్యం చేయడం అందుకే కష్టం.

ఆ ఎంజైముల కుటుంబానికి సైటోక్రోమ్ పి450 అని పేరు. 1962లో జపాన్ శాస్త్రవేత్తలు ఒమురా, సాతో పెట్టిన పేరది. కార్బన్ మోనాక్సైడుతో కలిస్తే 450 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకునే వర్ణకం అని దాని అర్థం. మనుషుల్లో ఇలాంటి జన్యువులు 57 ఉన్నాయి. పదార్థంలోకి ఒక ఆక్సిజన్ పరమాణువును దూర్చడం వీటి ముఖ్యమైన పని. అతికించాల్సిన తునకకు పిడి కావాలి కదా, ఆ పిడిని ఇవి చెక్కి ఇస్తాయి.

ఇక్కడే నాకు చాలా రోజులు మనసు కుదుటపడలేదు. ఎందుకంటే పిడి చెక్కేటప్పుడు ఒక్కోసారి కత్తి తయారవుతుంది. పారాసెటమాల్‌లో అతికించగా మిగిలిన కొద్ది శాతాన్ని పి450 ఎంజైములు మరో పదార్థంగా మారుస్తాయి. అది పారాసెటమాల్ కంటే ఎన్నో రెట్లు ప్రమాదకరం. దొరికిన ప్రోటీనునల్లా పట్టుకుని పాడు చేస్తుంది. అంటే ఆ విషం సీసాలోది కాదు, కాలేయం స్వయంగా చేసినది. బూజు పట్టిన గింజల్లో ఉండే అఫ్లాటాక్సిన్ కథా ఇంతే. కాలేయం దాన్ని మార్చిన తర్వాతే అది జన్యువుల మీద పడుతుంది. ఆ మారిన రూపాన్ని వెంటనే పట్టి కట్టేసే ఎంజైము చిట్టెలుకలకు బాగా ఉంది, వాటికి దానివల్ల కాలేయ క్యాన్సర్ రావడం కష్టం. పెద్ద ఎలుకల్లో ఆ ఎంజైము బలహీనం, వాటికి సులభంగా వస్తుంది. చూడటానికి అన్నదమ్ముల్లా ఉండే రెండు జంతువుల మధ్య ఇంత తేడా!

ఆ కత్తిని పట్టుకోవడానికి కణాల్లో ఉండేది గ్లూటాథయోన్. మూడే అమైనో ఆమ్లాలు కలిసిన చిన్న అణువు, మధ్యలో గంధకం ఉన్న సిస్టీన్. అది ఆ చురుకైన పదార్థానికి తానే అడ్డం పడి, అతుక్కుని, దానితో పాటే ఒంట్లోంచి వెళ్లిపోతుంది. ఎంత విషం వస్తే అంత గ్లూటాథయోన్ ఖర్చు. నిల్వ ఉన్నంతసేపు ఏమీ తెలియదు. అడుగంటిన క్షణం నుంచి కణాలు చావడం మొదలవుతుంది. మసి ఒంట్లో చక్కెర ఆమ్లం దారి సరిగా లేదు, సల్ఫేటు దారి ఇరుకు. మిగిలిన మందంతా ఇటువైపు వచ్చిపడింది. పైగా పిల్లుల హిమోగ్లోబిన్‌లో సులభంగా దెబ్బతినే గంధకపు చోట్లు 8 ఉంటాయి, మనుషులకు 2. బహుశా అందుకే మనుషుల్లో ముందు కాలేయానికి తగిలే దెబ్బ దానికి ముందు రక్తానికి తగిలింది.

ఆ కుళ్లిన గుడ్డు వాసన ఏమిటో అప్పుడు నాకు తెలిసింది. ఎసిటైల్‌సిస్టీన్ అంటే గంధకమున్న సిస్టీన్‌ను ఒంట్లోకి అందించే మందు. అది విషాన్ని వెంటాడి చంపే మందేమీ కాదు. అడుగంటిన గ్లూటాథయోన్ గాదెలో మళ్లీ గింజలు పోయడమే దాని ప్రధానమైన పని, పోరాటమంతా మసి ఒళ్లే చేసింది. పారాసెటమాల్ మోతాదు మించిన మనుషులకు కూడా ఇదే విరుగుడు. మొదటి 8 గంటల్లో అందితే కాలేయం దాదాపు ఎప్పుడూ నిలబడుతుంది. ఆలస్యం చేసే కొద్దీ ఆశ తగ్గుతుంది, అందుకే ఒంట్లో ఏ బాధా తెలియకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

విషాన్ని మార్చడం ఒక్కటే దారి కాదు. లోపలికి రాగానే బయటికి తోసేసే పంపులు కణాల గోడల్లో ఉంటాయి. వాటి విలువ ఒక ప్రమాదంలో తెలిసింది. 1994 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లో శాస్త్రవేత్తలు అలాంటి ఒక పంపు జన్యువు లేని చిట్టెలుకలను పుట్టించారు. అవి చక్కగా పెరిగాయి, పిల్లల్ని కన్నాయి, ఏ లోటూ కనిపించలేదు. ఆ గదిలో ఎలుకలకు మైట్లు అనే సూక్ష్మమైన పురుగులు పడితే, మామూలుగా వాడే ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు చల్లారు. పంపు ఉన్న ఎలుకలు హాయిగా ఉన్నాయి. లేనివి దాదాపు అన్నీ చనిపోయాయి. చూస్తే వాటి మెదడులో ఆ మందు మామూలు కంటే 80 రెట్లకు పైగా చేరింది. మెదడు రక్తనాళాల గోడల్లో నిలబడి వచ్చిన మందును వచ్చినట్టే వెనక్కి తోసే కాపలాదారు లేకపోవడం వల్ల జరిగింది అది. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఆ పంపు జన్యువులో నాలుగే నాలుగు అక్షరాలు లేవు. వాటికీ ఈ మందు ఎక్కువైతే ప్రమాదమే.

బయటికి తోయలేనిదాన్ని కట్టేసి ఉంచడం మరో ఉపాయం. గరళాన్ని మింగకుండా, ఉమ్మకుండా గొంతులోనే నిలిపిన కథ మనకు తెలిసిందే. మన మూత్రపిండాల్లో మెటలోథయోనీన్ అనే చిన్న ప్రోటీను ఆ పనే చేస్తుంది. 1957లో గుర్రం మూత్రపిండంలో కాడ్మియంతో కలిసి దొరికింది. అరవై చిల్లర అమైనో ఆమ్లాల్లో 20 సిస్టీన్లే, అన్నీ లోహాన్ని పట్టుకునే గంధకపు కొక్కేలు. అలా పట్టుకున్న కాడ్మియం దశాబ్దాల పాటు మూత్రపిండంలోనే ఉండిపోతుంది. ఎక్కువైతే ఆ మూత్రపిండమే దెబ్బతింటుంది.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా కట్టిపడేసింది మాత్రం తాళం మార్చుకునే జీవులు. విషం ఎక్కడో ఒక తాళంలో తాళంచెవిలా దూరితేనే పని చేస్తుంది. నాగుపాము విషంలోని ఒక భాగం కండరం మీద ఉండే గ్రాహకంలో దూరి, నరం చెప్పే మాట కండరానికి వినపడకుండా చేస్తుంది. 1992లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ శాస్త్రవేత్తలు ముంగిస గ్రాహకాన్ని విప్పి చూశారు. సరిగ్గా విషం కూర్చునే చోట కొన్ని అమైనో ఆమ్లాలు మారి, ఒక చక్కెర గొలుసు అడ్డంగా నిలబడి ఉంది. విషానికి చోటు లేదు, నరం మాటకు మాత్రం దారి ఉంది. నాగుపాము తన విషానికి తాను చావకుండా చేసుకున్న ఏర్పాటూ దాదాపు అదే. పుట్టుక నుంచి శత్రువులైన రెండూ ఎవరికి వారే ఒకే ఉపాయానికి చేరుకున్నాయి.

మోనార్క్ సీతాకోకచిలుక గొంగళిపురుగు జిల్లేడు కుటుంబానికి చెందిన మొక్కల ఆకులు తింటుంది. ఆ పాలలో గుండెను ఆపే విషముంది. ఆ విషం దూరే తాళం కణంలోంచి సోడియాన్ని బయటికి తోసే పంపు, ఆ సోడియం పంపులో మోనార్క్‌కు మూడు చోట్ల మార్పులున్నాయి. 2019లో ఆ మూడు మార్పులను మామూలు పండ్ల ఈగల్లో ప్రవేశపెడితే, ఆ ఈగలు కూడా ఆ విషం కలిపిన తిండి తిని బతికాయి. అయితే ఒక ముఖ్యమైన మార్పును ఒంటరిగా పెట్టిన ఈగలను గట్టిగా కుదిపితే, అవి నేల మీద పడి చాలాసేపు లేవలేకపోయాయి. ఇంకో మార్పు తోడైతేనే ఆ బలహీనత తగ్గింది. ఏ క్రమంలో మారాలో కూడా ప్రకృతికి ముఖ్యమే. ఒళ్లంతా విషమున్న నీటిబల్లులను మింగి అరిగించుకునే గార్టర్ పాముల్లో కూడా, విషాన్ని ఎక్కువ తట్టుకునేవి పాకడంలో వెనకబడతాయి. రక్షణ ఎక్కడా ఉచితంగా దొరకలేదు. మసి పూర్వీకులు ఆ ఖర్చు మానుకున్నారంతే.

ఇంతా చదివాక కూడా నేను తిరిగి తిరిగి వచ్చేది ఆ తువ్వాలు దగ్గరికే. పిల్లులకు తీపి తెలియదు. ఆ రుచి గ్రాహకానికి కావాల్సిన ఒక జన్యువు కూడా వాటిలో చెడిపోయిందని 2005లో తేలింది. చేదు మాత్రం తెలుసు. మాంసాహారి అయినా, చక్కెరను వదులుకున్నా, చేదును పట్టే గ్రాహకాలను పిల్లి వదులుకోలేదు. ఎందుకంటే చేదు అన్నది మొదటి కోట. కాలేయం దాకా, రక్తం దాకా రాకముందే నాలుక మీదే ఆపే కోట. నోట్లో ఊరిన చొంగ, విదిలించిన తల, తోసిన కాలు అన్నీ ఆ కోట చేసిన యుద్ధమే. దాని ఒళ్లు ఏ తప్పూ చేయలేదు. చేయాల్సినదంతా చేసింది. నేను మూతి పట్టుకున్నాను.

కడుపు చేసే చివరి పని ఒకటుంది, గుర్తుపెట్టుకోవడం. 1955లో అమెరికాలో గార్షియా అనే శాస్త్రవేత్త ఎలుకలకు తియ్యటి నీళ్లు తాగించి, రేడియేషన్‌తో వాటికి ఒంట్లో బాగా లేకుండా చేశాడు. ఆ తర్వాత ఎన్నో రోజులు అవి ఆ తీపిని ముట్టలేదు. గంటల తర్వాత వచ్చిన జబ్బునైనా సరే ఒళ్లు తిన్న రుచికే ముడిపెడుతుందని ఆ తర్వాతి ప్రయోగాల్లో తేలింది. మోనార్క్‌ను మింగి వాంతి చేసుకున్న నీలి జే పిట్ట ఆ తర్వాత దాన్ని చూడగానే వదిలేసినట్టు బ్రోవర్ అనే శాస్త్రవేత్త చూపించాడు.

మసి చేప ముట్టదు. ఈ ఐదేళ్లలో ఒక్కసారి కూడా ముట్టలేదు. గిన్నెలో పెడితే దగ్గరికి వస్తుంది, ఒక్కసారి వాసన చూస్తుంది, తర్వాత గిన్నె చుట్టూ ఉన్న నేలను ముందుకాలితో గీకుతుంది, మన్ను కప్పుతున్నట్టు.